శివారు జెట్టుకు పెట్రోలు అందడం లేదు

సంక్రాంతికి డెల్టాలో రెండు మొరాయింపులు ఖాయం. ఒకటి కొత్తల్లుడిది, రెండోది ఏడాదిగా టార్పాలిన్ కింద పడున్న స్కూటరుది. అల్లుడి అలక తీర్చడానికి మేనత్తలు, పెద్దమనుషులు, ఉంగరాలు... పెద్ద యంత్రాంగమే ఉంది. స్కూటరుకు మాత్రం హైదరాబాదు నుంచి దిగిన అబ్బాయి, వాడి ఫోన్లో వీడియో, సొరుగులోని కరెంటు టెస్టరు తప్ప దిక్కు లేదు. ఈ అన్యాయంపై ఇంతవరకు ఒక్క అఖిలపక్షమూ కూర్చోలేదు.

కూర్చుంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. ఈ మొరాయింపుకు మూలమైన కార్బరేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం, అసలు మెకానిక్కుల కిందికి రాదు, నీటిపారుదల శాఖ కిందికి వస్తుంది. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర గోదారికి చేసిందే ఇది గుప్పెడంత చోటులో పెట్రోలుకు చేస్తుంది: ఆపడం, మట్టం చూడడం, వంతుల ప్రకారం వదలడం. అడుగునున్న గిన్నె చెరువు. అందులో తేలే ఫ్లోటు, కాలువ తూములు చూసే లస్కరు. మట్టం పెరిగితే సూది పిన్నుతో తూము మూస్తాడు, తగ్గితే తెరుస్తాడు, సెలవు అడగడు. జెట్టు అంటే పెట్రోలు వెళ్లే సన్న కన్నమున్న చిన్న ముక్క. మెయిన్ జెట్టు పెద్ద కాలువ. స్లో జెట్టు శివారు బోదె, చిట్టచివరి పిల్లకాలువ. బండి నిలబడి ఉన్నప్పుడు, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంజిన్ బతికేది ఈ బోదె మీదే. పూడిక ఎక్కడ ముందు చేరుతుందో శివారు రైతును అడగండి, చెబుతాడు.

కాబట్టి చోకుతో (చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాళ్లు పెంచే మీట) అంటుకుని, చోకు తీయగానే చచ్చిపోయే బండికి ఇంజిన్ బోరు అక్కర్లేదు, శాంతి పూజ అంతకన్నా అక్కర్లేదు. స్లో జెట్టు మూసుకుంది. అంతే. కింది ట్యూబులోంచి పెట్రోలు బొట్లు పడుతుంటే తూము సరిగా మూసుకోవట్లేదు, సూది పిన్ను మొనలో నలుసు చూడండి. అయినా అరుగు మీది నిపుణుల కమిటీ ప్లగ్గుతో మొదలుపెట్టి పిస్టన్ దాకా అన్నీ మార్చమంటుంది, ఈ బోదె ఒక్కటి వదిలేసి.

పూడికకు కారకులెవరన్న దానిపై విచారణ పెద్దగా అవసరం లేదు. నిలవున్న పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది గాలిలో తేమను పీలుస్తుంది, మన గాలిలో తేమకు కొదవా? ఆ నీరు గిన్నె అడుగున చేరి లోహాన్ని తిని తెల్లటి పొడి వదులుతుంది. ఆ ఇథనాల్ తీసేది చెరుకు నుంచీ నూకల నుంచీనట. మన పంటే తిరిగొచ్చి మన జెట్టు మూస్తోందన్నమాట.

ఇక కార్యక్రమం. స్థలం పెరడు. వంటిల్లు కానే కాదు: పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ స్టవ్వు దాకా వెళుతుంది. కొబ్బరిచెట్టు నీడ కూడా వద్దు, కారణం కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. విడిభాగాలకు అమ్మ ఇడ్లీ రేకు ముట్టుకోకండి. కోడిగుడ్ల అట్ట తెచ్చుకోండి, 30 గుంటలుంటాయి, విప్పిన వరసలో పెట్టుకోవచ్చు.

గిన్నె స్క్రూలకు సరిపోయే 2వ నంబరు ప్లస్ డ్రైవర్ కావాలి. ముప్పాతిక బలం నొక్కడానికి, పాతిక తిప్పడానికి. టెస్టరుతో తిప్పితే స్క్రూ తల అరిగి గుండైపోతుంది, అక్కడితో పండగ సమాప్తం. పక్కనుండే, స్లోలో పెట్రోలు-గాలి పాళ్లు సరిచేసే గాలి స్క్రూను తీసేముందు లోపలికి బిగిస్తూ ఆనేవరకు చుట్లు లెక్కపెట్టి రాసుకోండి. ఆనాక ఇంకా బిగిస్తే మొన చెడుతుంది. దాని వెనక స్ప్రింగు, వాషరు, ఆవగింజంత రబ్బరు రింగు ఉంటాయి. ఆ రింగు లోపలే అంటుకుని ఉంటుంది, రాలేదంటే లేదనుకోకండి.

స్లో జెట్టు విప్పి ఆకాశానికి పెట్టి చూడండి. 35 నంబరు అంటే రంధ్రం సుమారు 0.35 మిల్లీమీటర్లు. వెలుగు గుండ్రంగా, చుక్కలా కనబడాలి. నెలవంకలా కనబడితే ఇంకా పూడిక ఉన్నట్టే. ఇక్కడే మన వాడు పిన్నీసు తీస్తాడు. జెట్టు ఇత్తడిది, పిన్నీసు ఉక్కుది. వెంట్రుకవాసి గీరినా రంధ్రం పెరిగి, పెట్రోలు ఎక్కువై, ప్లగ్గు నల్లబడి, మైలేజీ పడిపోతుంది. కరెంటు వైరులోంచి ఒక్క సన్నటి రాగి పోగు, లేదా సన్న గేలం దారం చాలు. పక్కల ఉండే చిన్న కన్నాలనూ మరవకండి. క్లీనర్ స్ప్రే ఒక కన్నంలో కొడితే ఇంకో కన్నంలోంచి నేరుగా కంట్లోకి వస్తుంది. మొహం పక్కకు పెట్టి, అద్దాలు పెట్టుకుని కొట్టండి.

పైమూత కింద నల్లటి పల్చటి రబ్బరు పొర ఉండే రకమైతే దాని మీద క్లీనర్ పడనివ్వద్దు, ఉబ్బిపోతుంది. పొర అంచున చిన్న చెవి ఉంటుంది, దాని గాడిలోనే కూర్చోవాలి. మడత పడిందా, బండి స్లోలో హాయిగా ఆడి, రోడ్డెక్కాక పికప్పు ఎక్కదు. అప్పుడు కమిటీ మళ్లీ సమావేశమవుతుంది.

అంతా బిగించాక పది నిమిషాలు వేడెక్కనిచ్చి, స్టాండు మీద పెట్టి, గాలి స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ స్లో అన్నిటికన్నా గట్టిగా ఆడే చోట ఆపండి. తర్వాత బండి నిలబడి ఉన్నప్పటి వేగాన్ని ఐడిల్ స్క్రూతో తగ్గించండి. బ్రేకు నొక్కి వదిలాక వెనక చక్రం ఊరికే పరుగెడుతుంటే ఇంకా ఎక్కువే ఉంది.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) స్కూటర్లకు చాలావరకు కార్బరేటర్ బదులు ఇంజెక్షన్ వచ్చింది, వాటికి ఈ వంతులూ లస్కర్లూ లేవు. మన చావట్లో ఉన్నది అంతకు ముందుది.

వేసవిలో కాలువలు కట్టేసి పూడిక, గుర్రపుడెక్క తీస్తారు కదా, దీనికీ అలాగే ఒక కట్టివేత ఉంది. ఊరెళ్లేముందు గిన్నె అడుగునున్న డ్రైన్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, వచ్చిన నాలుగు చెంచాల పెట్రోలు సీసాలో పట్టి, మళ్లీ బిగించడం. రెండు నిమిషాల పని. ముక్కనుమ సాయంత్రం అబ్బాయి నాన్నగారు వాడుకుంటారని ట్యాంకు నిండా కొట్టించి, టార్పాలిన్ కప్పి, బస్సెక్కుతాడు. నాన్నగారు పొలానికి సైకిలు మీదే వెళతారు.