ఫ్లూ మహమ్మారి వస్తే ఊరి మోటార్ ఎవరు వేస్తారు?

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) ఉందని భోపాల్‌లోని జాతీయ పశు వ్యాధుల ల్యాబ్ తేల్చింది. ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల్లో కొన్నాళ్లపాటు నడిచిన చర్చ ఒక్కటే: చికెన్ తినొచ్చా, తినకూడదా? తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల్లో ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి పంపారు. ధర పడిపోయింది. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు తేలికే. ముక్క లోపలిదాకా 70 డిగ్రీల వేడి తగిలితే ఈ వైరస్ బతకదు, మన వంటలు ఆ వేడిని ఎప్పుడో దాటిపోతాయి. మార్చి 16న మంగళగిరి ఎయిమ్స్‌లో పల్నాడు జిల్లా పాప, రెండేళ్లది, చనిపోయింది. కారణం ఇదే వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) ఆ తర్వాత నిర్ధారించింది. ఇంట్లోవాళ్లకు సోకలేదు. మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే గుణం దానికి ఇంకా రాలేదు. వస్తే ఏం చేయాలన్న మాట మాత్రం చికెన్ ధర కోలుకోగానే మరుగున పడింది.

ఫారం దగ్గర జరగాల్సిన పని కొంత ఉంది. వైరస్ పాకకుండా అధికారులు చంపించిన (కల్లింగ్) కోళ్లకే పరిహారం వస్తుంది, అంతకుముందే చచ్చినవాటికి రాదు. కాబట్టి తొలి రోజుల్లో రైతు నోరు విప్పడు. మిగిలినవి అమ్ముకుని బయటపడదామని చూస్తాడు. ఆ సీజన్‌లో చచ్చిన కోళ్లను కాలువల్లో పడేశారన్న వార్తలకు మూలం రైతు దుర్మార్గం కంటే ఈ నిబంధనే. సమాచారం ముందే ఇచ్చినవారికి చచ్చిన కోళ్లకూ ఎంతోకొంత చెల్లిస్తే వైరస్ జాడ వారాల ముందే దొరుకుతుంది. ఫారం కూలీలకు ఏటా మామూలు ఫ్లూ టీకా వేయించడం రెండో పని. ఆ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు. కానీ ఒకే మనిషి ఒంట్లో కోడి ఫ్లూ, మనుషుల ఫ్లూ ఒకేసారి చేరి జన్యువులు కలగాపులగం అయ్యే అవకాశాన్ని తగ్గిస్తుంది. కొత్త మహమ్మారి వైరస్‌లు పుట్టే దారుల్లో అదొకటి.

ఇక మనుషుల్లో పాకడం మొదలైతే? కొవిడ్ చూశాం కదా, అదే పద్ధతి మళ్లీ నడిపిద్దాం అనుకునేవాళ్లే అధికారుల్లోనూ, కంపెనీల్లోనూ ఎక్కువ. లెక్క అక్కడే తప్పుతుంది. 2020 నాటి కొవిడ్‌లో సోకాక లక్షణాలు కనబడటానికి సగటున ఐదారు రోజులు పట్టేది. ఫ్లూలో రెండు రోజులే, మహా అయితే నాలుగు. లక్షణాలు రావడానికి ఒక రోజు ముందే ఇతరులకు అంటించడం మొదలవుతుంది. శాంపిల్ తీసి, రిపోర్టు వచ్చి, కాంటాక్టుల జాబితా రాసుకుని ఫోన్లు చేసేసరికి ఆ కాంటాక్టులు ఇంకొందరికి అంటించేసి ఉంటారు. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడిలో. విమానాశ్రయాల్లో తనిఖీలు జరుగుతూనే ఉన్నాయి. ఆగస్టు 3న పుణెలో తొలి మరణం నమోదైంది.

టీకా మీద ఆశ పెట్టుకోవడానికీ లేదు. వైరస్‌ను గుర్తించిన నాటి నుంచి తొలి బ్యాచ్‌లు రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. 2009 జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ప్రకటించింది. మన దేశంలో తయారైన టీకాలు బజారుకొచ్చేసరికి 2010 మధ్య. ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని అదే సంస్థ చెప్పేసింది. పైగా ప్రపంచంలో ఫ్లూ టీకాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ కోడిగుడ్లలోనే పెంచుతారు. కోళ్లనే తుడిచిపెట్టే వైరస్ వచ్చిన ఏడాది గుడ్లెక్కడివన్నది వేరే తలనొప్పి.

అంటే మొదటి అల టీకా లేకుండానే మీద పడుతుంది. మంచం పట్టినవాళ్లు, వాళ్లకు సేవ చేసేవాళ్లు, బడి మూతపడి పిల్లలతో ఇంట్లో ఉండిపోయినవాళ్లు, భయపడి రానివాళ్లు అందరూ ఒకే పక్షం రోజుల్లో పనికి దూరమవుతారు. 2006లో అమెరికా ఫ్లూ మహమ్మారి ప్రణాళిక తీవ్రత పతాకస్థాయికి చేరిన రెండు వారాల్లో 40 శాతం మంది గైర్హాజరవుతారని వేసుకుంది. బ్రిటన్ 2011 ప్రణాళిక ఇంకా సూక్ష్మంగా ఆలోచించింది. పెద్ద సంస్థలకు తక్కువ శాతం వేసి, చిన్న సంస్థలను, కీలకమైన చిన్న బృందాలను మాత్రం 30 నుంచి 35 శాతానికి సిద్ధపడమంది. కారణం సులువే. వెయ్యి మందిలో సగటు పనిచేస్తుంది. నలుగురే ఉన్నచోట ఇద్దరు ఒకేసారి పడకేస్తే సగం పోయినట్టే. ఇక ఒక్కరే చేసే పనిలో శాతాలకు అర్థమే లేదు. ఆ ఒక్కరు ఉంటే నూరు, లేకపోతే సున్నా.

మన ఊళ్లు నడిచేది ఆ ఒక్కరి మీదే. ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఏ పంచాయతీ అయినా తీసుకోండి. ఏ వాల్వు ఎటు తిప్పితే ఎస్సీ కాలనీకి నీళ్లు వెళ్తాయో, లో-వోల్టేజీలో స్టార్టర్ పడిపోతే ఎంతసేపు ఆగి మళ్లీ వేయాలో, పైపు పగిలితే ఎక్కడ కట్టాలో వాటర్‌మ్యాన్‌కే తెలుసు. కాగితం మీద ఉండదు. క్లోరినేషన్ సంగతి మరీ సున్నితం. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున 40 వేల లీటర్ల ట్యాంకుకు మంచి బ్లీచింగ్ పౌడర్ 100 గ్రాములు చాలు. దాన్ని ముందు బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాకే వదలాలి. కొత్త మనిషి చేసే తప్పు రెండు రకాలు. పొడిని అలాగే ట్యాంకులో గుమ్మరిస్తాడు, లేదా నిరుడు విప్పి మూల పడేసిన బస్తాలోంచి తీస్తాడు. గాలి, తేమ తగిలిన పౌడర్‌లో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయి ఉంటుంది, కొలత సరిగ్గా వేసినా ప్రయోజనం లేదు. చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీటిలో క్లోరిన్ కొలిచే కిట్‌తో) చూస్తే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు కనబడాలి. ఫ్లూతో సగం ఊరు మంచాన ఉన్న వారంలో విరేచనాలు కూడా తోడైతే పీహెచ్‌సీ ఏ రోగిని చూడాలి?

కాబట్టి పంచాయతీ చేయగలిగే సన్నాహాల్లో అన్నింటికన్నా చవకైనది ఇది: ఏదో ఒక మామూలు మంగళవారం వాటర్‌మ్యాన్‌ను ఇంట్లో కూర్చోబెట్టి, ఫోన్ కూడా ఎత్తొద్దని చెప్పి, ఇంకొకరితో ఊరంతటికీ నీళ్లు ఇప్పించాలి. ఏ వీధి ఎండిందో సాయంత్రానికి తెలుస్తుంది. వాల్వులకు రంగు, నంబరు వేయడం ఆ మర్నాడే మొదలవుతుంది. రేషన్ డీలర్, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, లైన్‌మ్యాన్ విషయంలోనూ ఇదే పరీక్ష. లైన్‌మ్యాన్‌కు మాత్రం ఊళ్లో కుర్రాణ్ని ప్రత్యామ్నాయం అనుకోవద్దు, ప్రాణాలు పోతాయి. పక్క సెక్షన్ నుంచి ఎవరు వస్తారో కరెంటు శాఖ ఏఈతో (అసిస్టెంట్ ఇంజినీరుతో) ముందే మాట్లాడుకోవాలి.

చిన్న వ్యాపారాల్లో బలహీనత ఇంకోచోట ఉంటుంది. పన్నెండు మందితో నడిచే మందుల డిస్ట్రిబ్యూటర్ సంస్థ ఉందనుకుందాం. మూడోవంతు అంటే నలుగురు రారు. డెలివరీ కుర్రాళ్లు నలుగురూ రాకపోయినా ఎలాగో నెట్టుకొస్తారు. అకౌంటెంట్ ఒక్కరు రాకపోతే ఆగిపోతుంది. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఆయన బ్యాగులో ఉంటుంది. బ్యాంకు ఓటీపీ ఓనర్ ఫోన్‌కు వెళ్తుంది, ఆ ఓనర్ ఐసీయూలో ఉంటాడు. జీతాలు ఆగుతాయి, కంపెనీకి డబ్బు కట్టక సరుకు ఆగుతుంది, 20వ తేదీ జీఎస్‌టీ రిటర్ను దాటిపోతుంది. వైరస్ కంటే ముందు ఈ వ్యాపారాన్ని పడగొట్టేది ఓటీపీ. బ్యాంకులో రెండో అధీకృత సంతకదారును చేర్చడానికి తీర్మానం, కేవైసీ అంటూ రోజులు పడుతుంది. జ్వరం వచ్చాక మొదలుపెట్టే పని కాదు.

ఒక తెల్లకాగితం మీద ఆగకూడని పనులు రాయండి. పది దాటితే మీరు నిజాయితీగా రాయనట్టే. ప్రతి పనికి ఎదురుగా ఇప్పుడు చేసేవారి పేరు, రేపే చేయగలవారి పేరు, వారం నేర్పితే చేయగలవారి పేరు రాయాలి. రెండో గడి ఖాళీగా ఉన్న పనులే అసలు ప్రమాదం. సరుకు నిల్వ విషయంలో అతి వద్దు. ఒక అల ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుందన్నది సాధారణ అంచనా. పన్నెండు మందికి రోజుకు రెండేసి మాస్కులు, 45 రోజులకు 1,080. ఇంత పెట్టుకుంటే చాలు. ఎన్95లు గోదాములో ఏళ్ల తరబడి పడేస్తే మన ఎండలకు ఎలాస్టిక్ పెళుసెక్కి పెట్టుకోగానే తెగుతుంది. పాతవి వాడుతూ కొత్తవి చేర్చాలి.

అన్నింటికంటే పెద్ద మందు జీతంతో కూడిన సెలవు. ఫ్లూలో వైరస్ ఎక్కువగా వెదజల్లేది లక్షణాలు మొదలైన తొలి రెండు మూడు రోజుల్లోనే. ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) అనారోగ్య భృతి చూడండి. జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది, మంచి పథకమే. కానీ సాధారణంగా మొదటి రెండు రోజులు వెయిటింగ్ పీరియడ్, వాటికి డబ్బు రాదు. ఇంట్లో ఉండటం వల్ల ఊరికి ఎక్కువ మేలు జరిగే ఆ రెండు రోజులే కార్మికుడికి నష్టం. దాంతో పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి వస్తాడు. గేటు దగ్గర థర్మల్ గన్ పచ్చగా వెలుగుతుంది. ఆ రెండు రోజుల కూలి యజమాని భరిస్తే థర్మల్ గన్‌ల ఖర్చు మిగులుతుంది. ఈఎస్‌ఐ దాకా రాని రోజు కూలీల సంగతి ప్రభుత్వమే చూడాలి. వాళ్లను ఇంట్లో ఉండమని చెప్పడం సలహా కాదు, ఎకసెక్కం.

బడుల మూత గురించి తొందరపడి మాట్లాడటం అలవాటైంది. ఫ్లూను బాగా మోసుకుతిరిగేది పిల్లలే, కాబట్టి తొలి వారాల్లో మూస్తే ఫలితం ఉంటుంది, కొవిడ్‌లో కంటే ఎక్కువగానే. అయితే స్టాఫ్ నర్సుల్లో చిన్న పిల్లల తల్లులు ఎందరు? బడి మూసిన మర్నాడు వార్డు ఖాళీ అవుతుంది. ఆసుపత్రి సిబ్బంది పిల్లల కోసం ఏ బడిలో ఏ రెండు గదులు తెరిచి ఉంచాలో, మధ్యాహ్న భోజనం బియ్యం ఇళ్లకు ఎలా చేర్చాలో రాసుకోకుండా మూత ఉత్తర్వు ఇవ్వకూడదు.

వీధుల్లో హైపోక్లోరైట్ పిచికారీ వృథా. తలుపు గొళ్లాలు, కౌంటర్లు తుడవడానికి 5 శాతం ద్రావణం ఒక వంతుకు 49 వంతుల నీళ్లు కలిపితే సరిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒకదానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం దీనికన్నా నయం.

ఫ్లూ మందు మనకు కొత్త కాదు. ఒసెల్టామివిర్ (టామిఫ్లూ) తయారీకి హైదరాబాద్ మందుల కంపెనీ హెటిరో 2005లోనే స్విస్ కంపెనీ రోష్ నుంచి లైసెన్సు తీసుకుంది. 2017లో దాన్ని కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందుల జాబితా నుంచి హెచ్1 జాబితాకు మార్చాక చీటీ ఉంటే మామూలు మెడికల్ షాపులో దొరుకుతుంది. పెద్దలకు 75 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. 48 గంటల్లోపు మొదలుపెడితేనే గట్టి ఫలితం, కాబట్టి డాక్టరు చీటీ కోసం మూడు రోజులు తిరిగేలా ఉండకూడదు. స్వైన్ ఫ్లూ కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన ఏ, బీ, సీ వర్గీకరణ ఇప్పటికీ పనికొస్తుంది. స్వల్ప జ్వరం, దగ్గు ఉంటే ‘ఏ’: పరీక్ష అక్కర్లేదు, ఇంట్లో ఉండి ఒకటి రెండు రోజులు గమనించాలి. తీవ్ర జ్వరం ఉన్నవారు, స్వల్ప లక్షణాలే ఉన్నా గర్భిణులు, చిన్న పిల్లలు, వృద్ధులు, షుగరు, ఆస్తమా ఉన్నవారు ‘బీ’: పరీక్ష కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, గోళ్లు నీలం తిరగడం ‘సీ’: వెంటనే ఆసుపత్రి. తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెడితే న్యుమోనియా పట్టిందేమో చూడాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వొద్దు. 2015లో దేశంలో 42 వేలకు పైగా స్వైన్ ఫ్లూ కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదైనప్పుడు పెద్దాసుపత్రుల ముందు బారులు తీరినవారిలో చాలామంది ‘ఏ’ వర్గంవాళ్లే. ఆ క్యూలే కొత్తవారికి అంటించాయి.

‘సీ’ వర్గానికి కావాల్సింది ఆక్సిజన్. ఆసుపత్రుల్లో వాడే పెద్ద (డీ-టైప్) సిలిండర్‌లో సుమారు 7 వేల లీటర్లు ఉంటుంది. నిమిషానికి 5 లీటర్లు పెడితే 23 గంటలు, 10 పెడితే 12 గంటలైనా రాదు. పదిమంది రోగులున్న ఏరియా ఆసుపత్రికి రోజుకు పది నుంచి ఇరవై సిలిండర్లు, ఖాళీవి తీసుకెళ్లి నింపుకొచ్చే లారీ, ఆ లారీకి ఇద్దరు డ్రైవర్లు కావాలి. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ రావడం ఆలస్యమై ఒత్తిడి పడిపోయింది, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు పెట్టారు. అవి కరెంటు మీద నడుస్తాయి, ఫిల్టర్లు మార్చాలి, వాడకుండా వదిలేస్తే పాడవుతాయి. నెలకోసారి ప్లాంటును రోగుల లోడు మీద నడిపి స్వచ్ఛత 90 శాతానికి తగ్గడం లేదని మీటరుతో చూడాలి. జనరేటర్‌లోని డీజిల్ ఎన్ని గంటలు సరిపోతుందో, రాత్రి డ్యూటీలో సరఫరాను ప్లాంటు నుంచి సిలిండర్ల మానిఫోల్డ్‌కు (సిలిండర్లన్నీ కలిపిన పైపుకు) మార్చడం తెలిసినవాళ్లు ఎందరో సూపరింటెండెంట్ గదిలో గోడ మీద రాసి ఉండాలి. ఆ సంఖ్య ఒకటైతే రెండోవారికి శిక్షణ ఈ నెలలోనే ఇవ్వాలి.