నొప్పి ఎంతుందని కాదు, ఆ నొప్పితో రోజెలా గడిచిందో అడగండి

"పోయిన నెలంతా నొప్పి ఎలా ఉంది?" అని డాక్టర్ అడిగితే ఎవరికైనా సరిగ్గా చెప్పడం కష్టమే. అబద్ధం చెప్తామని కాదు, గుర్తుండదు. నరకం చూపించిన ఆ కాసేపు, ఆఖర్న ఎలా ఉందన్నది, ఈ రెండే మనసులో నిలిచిపోతాయి. 1996లో రెడెల్మయర్, కానెమన్ అనే పరిశోధకులు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్ష) లాంటివి చేయించుకున్నవాళ్లను అడిగి తేల్చింది ఇదే. 3 నెలలు దాటినా వదలని నొప్పికి డోసు పెంచాలా తగ్గించాలా అన్నది మాత్రం ఆ జ్ఞాపకాన్ని నమ్ముకునే తేలుస్తున్నారు.

అందుకే ఎప్పటిదప్పుడు ఫోన్‌లో రాసుకునే యాప్‌లంటే ఏళ్లుగా నడుం నొప్పితో బతుకుతున్న నాకు చాలా ఆశ. కానీ చాలా యాప్‌లు అడిగేది ఒక్కటే: సున్నా నుంచి పది దాకా ఎంత? నిన్న ఆరు పెట్టాను, ఇవాళా ఆరే. నిన్నటి ఆరుతో బట్టలు ఆరేశాను, మెట్లెక్కాను, నలుగురితో మాట్లాడాను. ఇవాళ్టి ఆరుతో మంచం దిగలేకపోయాను. గ్రాఫ్‌లో రెండు చుక్కలూ ఒకే ఎత్తులో ఉంటాయి! రాత్రి నిద్ర పట్టిందా, బాగుంది కదా అని మొన్న పనంతా ఒక్కరోజే నెత్తినేసుకున్నానా, అవేవీ అడగదు. అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. ఇవేవీ అడగని యాప్‌కి "మీ కోసమే ప్రత్యేక చికిత్స" అని పేరు.

2018లో అమెరికాలో 215 మంది దీర్ఘకాలిక నొప్పి రోగులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు రెండు చికిత్సల్ని మార్చి మార్చి వాడుతూ, తమకు ఏది పనిచేస్తోందో యాప్‌లో నమోదు చేశారు. మామూలు వైద్యంలో ఉన్నవాళ్లకంటే వాళ్లకు చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు. యాప్ అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం అక్కడి మాజీ సైనికుల మీద, 278 మందితో. అందులో రోజూ రోగి చెప్పినదాన్నీ, నడిచిన అడుగుల్నీ చూసి, వచ్చే వారం థెరపిస్ట్‌తో (మాటలతోనే నొప్పిని తట్టుకోవడం నేర్పేవాళ్లతో) 45 నిమిషాల ఫోనా, 15 నిమిషాలు చాలా, రికార్డు చేసిన సలహా సరిపోతుందా అన్నది కంప్యూటరే నిర్ణయించింది. థెరపిస్ట్ సమయం సగం కూడా ఖర్చవలేదు, ఫలితం మాత్రం పూర్తి స్థాయి థెరపీకి తీసిపోలేదు. ఒకదానితో ఒకటి పోల్చదగ్గ ప్రయోగాలు కావు, ఒప్పుకుంటాను. కానీ ఈ రెండోదాంట్లో రోగి ఇచ్చిన జవాబుని బట్టి వైద్యం మారింది. నాకు కావాల్సింది అదే.

ఇంకో మాట, గంటగంటకీ మోగి నొప్పిని గుర్తుచేసే యాప్ వద్దే వద్దు. కాసేపు మరిచిపోయినదాన్ని అదే తట్టి లేపుతుంది. నా నొప్పి వివరాలు బీమా కంపెనీల చేతికి చేరకూడదు, అది అడిగించుకోవాల్సిన విషయం కూడా కాదు.

ఇక డాక్టర్లకి. ఫోన్ చూపించబోతే "అవన్నీ ఎందుకమ్మా, ఇప్పుడెంతుందో చెప్పు" అనకండి. నిద్ర, పని, మందు, నొప్పి ఒక్క పేజీలో పెట్టి తెస్తాం. రెండు నిమిషాలు చూడండి. చూశాక మందు మార్చకపోయినా ఫర్వాలేదు, ఎందుకు మార్చట్లేదో చెప్పండి.