మడమ చుక్కా, మొత్తం డీఎన్ఏనా?

(తార్నాకలో ఒక ఇల్లు. చెల్లెలికి పాప పుట్టి మూడో రోజు. అక్క ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు. తమ్ముడు ఉప్పల్‌లో ఒక జన్యు ప్రయోగశాలలో పని చేస్తాడు.)

తమ్ముడు: అక్కా, చెల్లిది మేనరికం. అలాంటి పాప జన్యువుల్లో సగటున 16వ వంతు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ ఒకే పూర్వికుల నకళ్లుగా వచ్చి ఉంటాయి. అందులో లోపం ఉంటే రెండు నకళ్లలోనూ అదే లోపం. పాప డీఎన్ఏ మొత్తం చదివిద్దాం. ఇంగ్లండులో లక్షమంది పసిపిల్లలకు బొడ్డుతాడు రక్తంతో 200కు పైగా జబ్బులు వెతికే పని మొదలుపెట్టారు.

అక్క: మడమ పొడిచి పరీక్షకు తీసే రక్తం, అదే మడమ చుక్క, తీయించారా?

తమ్ముడు: డిశ్చార్జి హడావుడిలో మరిచిపోయారు. డీఎన్ఏ చదివిస్తే ఇక అదెందుకు?

అక్క: అక్కడే పొరబడ్డావు. ఇంగ్లండులో కూడా మడమ పరీక్షను తీసేయలేదు, దానికి తోడుగానే ఇదీ చేస్తున్నారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి గ్రంథి సరిగా ఏర్పడదు. వాళ్లలో చాలామందికి కారణమైన జన్యువు దొరకనే దొరకదు. నువ్వు అక్షరం అక్షరం చదివినా కనపడదు. మడమ రక్తంలో థైరాయిడ్‌ను పని చేయించే టీఎస్‌హెచ్ హార్మోను ఎంతుందో చూస్తే తెలుస్తుంది. రోజుకో చిన్న మాత్ర నూరి తల్లిపాలలో కలిపి పడితే బిడ్డ అందరిలా ఎదుగుతుంది. ఆలస్యమైతే పోయిన తెలివి తిరిగి రాదు. ఒకసారి ఓపీకి రెండేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. ఇంకా నిలబడలేడు, నాలుక బయటికి వచ్చి ఉంది. "పుట్టినప్పటి నుంచీ చాలా బుద్ధిమంతుడమ్మా, ఏడ్చేవాడే కాదు" అంది వాళ్లమ్మ, మురిపెంగా. ఏడవకపోవడమే ఆ జబ్బు లక్షణమని ఆమెకెలా చెప్పను?

తమ్ముడు: కాదనను. మరి పసిపిల్లల కంటిలో వచ్చే క్యాన్సర్, రెటినోబ్లాస్టోమా? కనుపాప తెల్లగా మెరిసేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. మడమ రక్తంలోని ఏ రసాయనమూ దాన్ని పట్టివ్వదు. ఆర్‌బీ1 జన్యువులో లోపం పుట్టగానే తెలిస్తే, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట తరచూ కళ్లు చూపిస్తూ, గడ్డ గింజంత ఉండగానే లేజరుతో కాల్చవచ్చు. బిడ్డకు చూపు దక్కుతుంది.

అక్క: (కాసేపు మాట్లాడదు) దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ జన్యువులో కనపడ్డ మార్పు జబ్బు తెస్తుందో లేదో తెలియనప్పుడు మీ నివేదికల్లో "అర్థం తేలని మార్పు" అని రాస్తారే, పచ్చి బాలింత చేతిలో ఆ కాగితం పెట్టి ఏమంటావు?

తమ్ముడు: పసిపిల్లల విషయంలో అవి రాయకూడదు. పెద్దయ్యాక వచ్చే జబ్బుల జోలికీ పోకూడదు. చిన్నతనంలోనే మొదలై, మందున్న వాటినే చూడాలి.

అక్క: మందుంటే చాలా? కండరాలు క్షీణించిపోయే ఎస్ఎంఏ జబ్బుకి జన్యు చికిత్స దాదాపు 16 కోట్లు. అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రం ఇచ్చే సాయం రోగికి 50 లక్షలు మించదు. మిగిలింది ఎవరి గడప తొక్కి తెస్తారు?

తమ్ముడు: తెలియకపోతే రెండో బిడ్డకూ అదే గతి కదక్కా!

అక్క: నిజమే. అయినా అడగాల్సింది చెల్లినీ బావనూ. రేపు నువ్వే కూర్చుని, వాళ్లు వద్దన్నా సరేననే మనసుతో చెప్పు. మడమ చుక్క మాత్రం రేపటిదాకా ఆగదు. రక్తం ఇంకించే కార్డు నా సంచిలో ఉంది. గోరువెచ్చని గుడ్డ తీసుకురా, పాప పాదం చల్లగా ఉంటే రక్తం దిగదు. కార్డు మీది వలయాలన్నీ రక్తం అవతలి వైపుకి కూడా ఇంకేలా నిండాలి.