నాన్న వైపు సంగతి ఎవరు చెబుతారు?

గాజువాకలో మా దగ్గరి బంధువు ఒకామెకు 38 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ‘ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?’ అని డాక్టరమ్మ అడిగితే, వాళ్లమ్మ ‘మా వైపు ఎవరికీ లేదండీ’ అంది. నిజమే, ఆమె వైపు లేదు. పక్కనే ఉన్న తండ్రి మాత్రం చేతిలో ఫైలు అంచు మడతపెడుతూ నేల చూపులు చూశాడు. ఆయన అక్క నలభై దాటకుండానే ‘కడుపులో గడ్డ’తో పోయింది. అది అండాశయ క్యాన్సర్ అని ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. చెల్లెళ్లకు సంబంధాలు రావేమోనన్న భయంతో అప్పట్లో నోరు మెదపలేదు. తర్వాత అదే అలవాటైపోయింది.

ఈ దాపరికమే నన్ను కలచివేసేది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువులు మన కణాల్లో తెగిన డీఎన్‌ఏను బాగుచేస్తుంటాయి. వాటిలో లోపం ఉంటే రొమ్ముకే కాదు, అండాశయానికీ ముప్పే. అందుకే ఆ మేనత్త ‘గడ్డ’కూ ఈ అమ్మాయి జబ్బుకూ సంబంధం ఉండొచ్చు. ఆ లోపం తల్లి నుంచే రావాలని లేదు. తండ్రికి ఉన్నా ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఆయన మాత్రం ఏ జబ్బూ లేకుండా నిక్షేపంగా ఉండొచ్చు.

అసలు ఈ విషయం తేలిందే కుటుంబాలు తమ ఇంటి సంగతులు చెప్పడం వల్ల. 1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 23 కుటుంబాల్లోని 146 రొమ్ము క్యాన్సర్ కేసులను పరిశీలించి, లోపం 17వ క్రోమోజోమ్‌లో ఉందని చూపింది. 1994లో బీఆర్‌సీఏ1 దొరికింది.

అలాగని అందరూ టెన్షన్ పడాల్సిన పని లేదు. నూటికి 5 నుంచి 10 రొమ్ము క్యాన్సర్లే ఇలా వంశపారంపర్యంగా వస్తాయి. ‘మేనరికం వల్లే’ అనే మాటా సరికాదు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు. కానీ బీఆర్‌సీఏ1 లోపం ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి నూటికి 70 మంది దాకా ఈ జబ్బు బారిన పడతారు. ముందే తెలిస్తే పాతికేళ్ల నుంచే ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా చేయించుకుంటూ గడ్డను చిన్నగా ఉండగానే పట్టుకోవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా జనం విశాఖలోని కేజీహెచ్‌కీ, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికీ వస్తారు. ఏ ఆసుపత్రిలోనైనా ఓపీ రద్దీలో పదిమంది వింటుండగా అడిగితే ఇంటి గుట్టు ఎవరు విప్పుతారు? తలుపు వేసిన గదిలో కూర్చోబెట్టి, రెండు వైపులా మూడు తరాల వివరాలు రాసుకునే నర్సు ఒకరు తప్పకుండా ఉండాలి. పెద్ద మిషన్ల కోసం అడిగినంత గట్టిగా మనం దీన్నీ అడగాలి.

మా బంధువుకు పరీక్షలో బీఆర్‌సీఏ1 లోపం ఉన్నట్టు తేలింది. ఆ రాత్రి వాళ్ల నాన్న వరండాలోకి వెళ్లి అనకాపల్లిలో తమ్ముడికి ఫోన్ చేశాడు. ‘అక్కకి అప్పుడొచ్చింది క్యాన్సరేరా. నీ కూతుళ్లకి చెప్పు’ అన్నాడు.