తాళంచెవి విద్యార్థి చేతిలో పెట్టండి

నోటిఫికేషన్లు పడే కాలంలో ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీకి కాస్త ఆలస్యంగా వెళ్తే కుర్చీ దొరకదు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ అంతే. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, పోలీసు ఉద్యోగాలకీ చదివేవాళ్లు సంచిలో సొంత పుస్తకాలు, టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా పెట్టుకుని వచ్చి చీకటి పడేదాకా కూర్చుంటారు. అందుకే ‘ఈ కాలం పిల్లలు లైబ్రరీ గడప తొక్కరు’ అనే మాట నేను ఒప్పుకోను. బాగానే తొక్కుతున్నారు. కుర్చీ, ఫ్యాను, నిశ్శబ్దం, పక్కన తనలాగే తలవంచుకుని చదువుతున్న ఇంకో మనిషి, ఇవన్నీ వాళ్లకు అక్కడ దొరుకుతున్నాయి. ఆ లైబ్రరీ బీరువాల్లో ఉన్న పుస్తకంతోనే వాళ్లకు పరిచయం లేదు.

ఎందుకు లేదో నాకు కొంత తెలుసు. నేను డిగ్రీ చదివిన కాలేజీలో లైబ్రరీ అంటే ఒక ఇనప జాలీ కిటికీ. స్లిప్పు మీద పుస్తకం పేరు, రచయిత పేరు రాసి లోపలికి అందించాలి. అటెండరు బీరువాల మధ్యకు వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చి ‘లేదు’ అనేవాడు. ఏమేం ఉన్నాయో చూడనివ్వకుండా ఏం కావాలో రాయమంటే పద్దెనిమిదేళ్ల పిల్లాడు ఏం రాస్తాడు? మూడేళ్లలో ఆ జాలీ దాటి లోపలికి వెళ్లింది ఒక్కసారే. టీసీ కోసం నో డ్యూస్ సంతకం పెట్టించుకోవడానికి. నేను రెండేళ్లు అడిగిన పుస్తకం ఆ రోజు బీరువా అద్దం వెనక కనిపించింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ లైబ్రేరియన్ చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. పుస్తకం ఎంతమంది చదివారని ఆయన్ను ఏ అధికారీ అడగలేదు. స్టాక్ వెరిఫికేషన్‌లో ఎన్ని తగ్గాయని మాత్రం అడిగారు. తగ్గితే జీతంలో పట్టుకుంటారనే టెన్షన్ ఉన్న మనిషి బీరువాకు తాళం వేయక ఏం చేస్తాడు? నిజానికి ఈ భయానికి మందు ఎప్పుడో కనిపెట్టారు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) లోని 215వ నిబంధన ప్రకారం, ఏడాదిలో పాఠకులు తీసుకెళ్లిన, అక్కడే చూసిన ప్రతి 1,000 పుస్తకాలకు 5 పోతే దాన్ని మామూలు నష్టంగానే తీసుకోవచ్చు. అందులో మోసం, నిర్లక్ష్యం ఉండకూడదు. 1,000 రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ వెసులుబాటు లైబ్రరీలో ఉన్న పుస్తకాల సంఖ్యను బట్టి కాదు, వాడిన పుస్తకాల సంఖ్యను బట్టి వస్తుంది. ఎంత ఎక్కువమంది చేతుల్లోకి పుస్తకం వెళ్తే లైబ్రేరియన్‌కు అంత రక్షణ. ఈ నిబంధన కేంద్ర సంస్థలకు రాసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి కాలేజీ లైబ్రేరియన్‌కు ఇలాంటి భరోసా రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ కాగితం ఆయన టేబుల్ మీద అద్దం కింద కనిపిస్తూ ఉండాలి.

పుస్తకాలున్నది వాడుకోవడానికని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయాలకు తాను చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిదిగా రాశారు. లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయిన మనిషి ఆయన. మొదట్లో ఆ ఉద్యోగం విసుగనిపించి, తిరిగి పాఠాలు చెప్పుకుంటానన్నారు కూడా. లండన్ వెళ్లి అక్కడి లైబ్రరీలు ఎలా పనిచేస్తాయో చూశాక మనసు మారింది. ‘ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు’ అన్నది ఆయన మూడో సూత్రం. ఆ పాఠకుడు తన పుస్తకాన్ని పేరు తెలిసి వెతకడు. బీరువాల మధ్య నడుస్తుంటే అనుకోకుండా కంటపడాలి. జాలీ కిటికీ దగ్గర అది ఎప్పటికీ జరగదు.

మనకేమీ ఇది పరాయి విద్య కాదు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటి వాళ్లు 1914లో బెజవాడలో గ్రంథాలయ ఉద్యమానికి సంఘం కట్టారు. 1935లో పాతూరి నాగభూషణం పడవలో పుస్తకాలు వేసుకుని కృష్ణా కాలువ మీద ఊరూరా తిప్పారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటకాలంటే ప్రాణం పెట్టేవాడు. అలాంటి మనిషి లైబ్రరీలో కూర్చుంటే విద్యార్థి పుస్తకం కోసమే కాదు, మనిషి కోసమూ వస్తాడు. ఇప్పుడు ఎన్నో కాలేజీల్లో ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటోంది. ఏ లెక్చరర్‌కో ఇన్‌ఛార్జి బాధ్యత అప్పగించి చేతులు దులుపుకుంటున్నారు.

క్యాంపస్ తోట కథ కూడా దీనికి దూరంగా లేదు. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వస్తోందంటే కుండీలు దిగుతాయి, గడ్డి పరుచుకుంటుంది, ‘గడ్డి మీద నడవరాదు’ అని బోర్డు వెలుస్తుంది. తోట మాలిది, బిల్లు ఆఫీసుది. విద్యార్థి వంతు వచ్చేది ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) రోజున. బ్యానర్ పట్టుకుని, వయ్యారిభామ అనే కలుపు మొక్కను పీకి, ఫొటో దిగి వెళ్లిపోతాడు. ఆ మొక్కను పీకాల్సింది పూత రాకముందు, చేతికి తొడుగులు వేసుకుని. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. గాంధీ జయంతి నాటికి చాలాచోట్ల గింజ రాలడం కూడా మొదలైపోయి ఉంటుంది. అప్పుడు పీకి అటూ ఇటూ ఈడ్చితే మరుసటి ఏడాదికి మనమే విత్తనం చల్లినట్టు. అదే స్థలాన్ని అదే బ్యాచ్ రెండు వానాకాలాలు చూసుకుంటే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో ఒక వాలంటీర్ రెండేళ్లలో 240 గంటలు పనిచేయాలి. వారానికి 3 గంటల చొప్పున ఏడాదికి 40 వారాలు! ఒక అరెకరం బీడును అడవిగా మార్చడానికి అది తక్కువ సమయం కాదు. దాన్ని ర్యాలీలకీ, ప్రతిజ్ఞలకీ ముక్కలు ముక్కలుగా ఖర్చు చేస్తున్నాం.

జడ్చర్లలో బూర్గుల రామకృష్ణారావు పేరు మీద ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఇంకో దారి చూపించింది. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ బి. సదాశివయ్య విద్యార్థులను వెంటేసుకుని కాలేజీ ఆవరణలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. వందల రకాల మొక్కలు ఉన్నాయక్కడ. జరిగింది కోట్ల నిధులున్న కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కాదు, కరువుకు పేరుపడ్డ పాలమూరులో ఒక సర్కారు కాలేజీలో. ఈ తోటలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది వేరే ఉంది. క్లాసులో ఇంగ్లిషు పుస్తకం ముందు బిక్కచచ్చిపోయే తండా అమ్మాయికి తోటలోకి వస్తే రేల, మోదుగ, తునికి, తంగేడు అన్నీ తెలిసినవే. ఏ బెరడు దేనికి వాడతారో నాయనమ్మ దగ్గర విన్నదే. పట్నం పిల్లలు ఆమెను అడిగి రాసుకోవాల్సి వస్తుంది. ఆమెకు తెలిసినదానికి శాస్త్రీయ నామం ఏమిటో తెలుసుకోవాలంటే ఆమె లైబ్రరీకి వెళ్లాలి. అలా వెళ్లిన అమ్మాయిని జాలీ కిటికీ దగ్గర నిలబెట్టి స్లిప్పు రాయమంటే మాత్రం మళ్లీ రాదు.

నేను చెప్పాలనుకున్నది ఇదే. లైబ్రరీ, తోట, ప్రాజెక్టు మూడూ మూడు ఇన్‌ఛార్జిల కింద, మూడు ఫైళ్లలో విడివిడిగా నడుస్తున్నాయి. కానీ విద్యార్థికి చదవాలన్న కోరిక పుట్టేది తన బాధ్యతలో ఉన్నదేదో తనను ప్రశ్న అడిగినప్పుడు. మొక్క వాడిపోతే ఎందుకని అడుగుతాడు. బాధ్యతే ఇవ్వకపోతే ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది?

వ్యవసాయ విద్యలో ఈ సంగతి ముందే గుర్తించారు. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో విద్యార్థులు ‘రావెప్’ పేరుతో పల్లెల్లో ఉండి, ఒక్కో రైతుతో జతకట్టి పంటకాలం చూస్తారు. 2015 నుంచి ఇది స్టూడెంట్ రెడీ కార్యక్రమంలో భాగం. 2021లో మన మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూలు రాలిపోతుంటే రైతు అడిగే ప్రశ్నకు ఊళ్లో ఉన్న విద్యార్థి జవాబు తప్పించుకోలేడు. తెలియదంటే మరునాడు మళ్లీ అదే గట్టు మీద ఆ రైతు ముఖమే చూడాలి. ఆ రాత్రి తిరగేసే పుస్తకం పరీక్ష కోసం చదివే పుస్తకం లాంటిది కాదు.

మిగతా కోర్సుల్లో ప్రాజెక్టు పరిస్థితి చూస్తే బాధేస్తుంది. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు హైదరాబాద్ అమీర్‌పేటలో కొనుక్కోవచ్చని చదివేవాళ్లకు, చదివించేవాళ్లకు కూడా తెలుసు. బేస్ పేపర్, కోడ్, డాక్యుమెంటేషన్, వైవాలో ఏం చెప్పాలో కూడా కలిపి ఇస్తారు. పిల్లలను తిట్టి లాభం లేదు. ఎవరికీ అవసరం లేని వస్తువును, ఎవరూ వాడరని తెలిసి, మార్కుల కోసం తయారుచేయమంటే కొనుక్కోవడమే సులువు. అదే తమ హాస్టల్ నీళ్ల ట్యాంకు ఎప్పుడు నిండుతుందో చెప్పే సెన్సార్ తయారుచేయమంటే, అది పనిచేయకపోతే పొద్దున స్నానానికి నీళ్లుండవు. దాన్ని అమీర్‌పేటలో కొని తేవడం కష్టం.

ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో ధైర్యం చేసింది. 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టింది. మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలంది. ఆలోచన మంచిది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ఇంటింటి సర్వే ప్రశ్నావళి ఇంట్లో కూర్చుని నింపినా, ఊరంతా తిరిగి నింపినా చివరికి ఒకే రకం రికార్డు అయినప్పుడు, నిజంగా తిరిగినవాడు మోసపోయినట్టు అవుతుంది. ఆ రికార్డులు బీరువాలో పెట్టకుండా ఆ పంచాయతీకే తిరిగి ఇవ్వాలి. గ్రామసభలో విద్యార్థి నిలబడి తాను చూసింది చదవాలి. ఊరివాళ్లు ‘మా వీధికి నువ్వు రాలేదే’ అంటే దానికంటే పెద్ద వైవా లేదు.

సిలబస్‌లో లేని పని కూడా ఎంత దూరం వెళ్తుందో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర చూశాం. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. భూమి ఎవరిదన్న వివాదంలోకి నేనిక్కడ వెళ్లను. ‘అక్కడ ఏముంది, వట్టి తుప్పలే కదా’ అన్నవాళ్లకు జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ క్యాంపస్‌లో ఉన్నారు. ఏళ్ల తరబడి తెల్లవారుజామున చెరువుల చుట్టూ తిరిగి 200కు పైగా పక్షి జాతులను, నక్షత్ర తాబేళ్లను, జింకలను నమోదు చేసుకున్నవాళ్లు వాళ్లు. ఇలాంటి పని మొదలుపెట్టడానికి ఏ కాలేజీకీ పైసా ఖర్చు లేదు. ఏటా ఫిబ్రవరిలో క్యాంపస్ పక్షుల లెక్కింపు జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పిట్టలను లెక్కపెట్టి పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కిస్తే చాలు.

లైబ్రరీ లోపలే చేయగల ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీపీడియాలో, పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉంచే వికీసోర్సులో పనిచేశారు. పాత పుస్తకం స్కాన్ చూసి అక్షరం అక్షరం సరిదిద్దే పిల్లవాడు ఆ పుస్తకాన్ని ఎంత లోతుగా చదువుతాడో ఊహించండి. తెలుగు, చరిత్ర విభాగాలున్న ప్రతి కాలేజీలో దీన్ని క్రెడిట్ ఉన్న పని చేయవచ్చు.

తాళంచెవి ఇవ్వమన్నది నేను ఉపమానంగా అనలేదు. సాయంత్రం ఐదు తర్వాత, ఆదివారాలు లైబ్రరీ తెరిచి ఉంచడానికి సిబ్బంది లేరంటున్నారు కదా, పీజీ విద్యార్థులకు గంటకింత అని డబ్బిచ్చి ఆ బాధ్యత ఇవ్వండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ఆ డబ్బు మెస్ బిల్లుకు పనికొస్తుంది. కుర్చీ కోసం తెల్లవారే వచ్చే ఉద్యోగార్థులను కొందరైనా బరువుగా చూస్తారు. వాళ్లలోనే ఇద్దరు ముగ్గురిని ఈ పనిలోకి తీసుకోండి. ఆ హాలు విలువ వాళ్లకంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. పుస్తకాలు పోతాయా? కొన్ని పోతాయి. పైన చెప్పిన 1,000కి 5 లెక్క ఉన్నది అందుకే.

తోట దగ్గర చిక్కు ఇంకోలా ఉంటుంది. మొక్కలు నాటేది జూన్, జూలైల్లో, ఫొటోలు అప్పుడే. సెమిస్టర్ పరీక్షలు అయిపోయి హాస్టళ్లు ఖాళీ అయ్యేది ఏప్రిల్ చివర. మొక్కకు నీళ్లు ఎక్కువ కావలసింది సరిగ్గా అప్పుడే. చాలా క్యాంపస్ తోటలు చచ్చిపోయేది మే నెలలో, అడిగేవాడు లేక. కాబట్టి తోట పని ఇచ్చేటప్పుడే వేసవి వంతులు రాసుకోవాలి. కాలేజీకి పది కిలోమీటర్ల లోపు ఊళ్ల పిల్లలు ఎవరెవరు, వారానికి ఎవరు ఎన్నిసార్లు వస్తారు, బోరు మోటారు గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు ఏ వేళల్లో ఉంటుంది. ఆ వేసవి గంటలను మామూలు గంటలకు రెట్టింపుగా లెక్కగట్టి క్రెడిట్లు ఇవ్వాలి.