రాణిగంజ్ మెకానిక్‌కి ఏ ర్యాంకు ఇస్తారు?

ఎంసెట్ (ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అనుకోండి) రిజల్ట్స్ వచ్చిన మర్నాడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే, వరసగా పిల్లల ఫొటోలు, కింద ర్యాంకులు. ఏటా ఉండే తంతే, దాని మీద ఏడ్చి లాభం లేదు. నా గొడవల్లా ఆ ఫొటో కింది అంకెనే పిల్లాడి తెలివి అనుకోవడం మీద. అమ్మానాన్నలూ అలాగే అనుకుంటారు, ఎదురింటి అంకులూ అంతే, చివరికి పిల్లాడు కూడా నమ్మేస్తాడు.

ఎంసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. అంత టైంలో ఎవరూ ఆలోచించరు, ఈ మోడల్ లెక్క ఇంతకుముందు చేశాం కదా అని గుర్తుపట్టి షార్ట్‌కట్ కొట్టి ముందుకు పోతారు. రెండేళ్లు పొద్దున్నించి రాత్రి దాకా రుద్దేది దీన్నే. ఇప్పుడదే లెక్కను ఫోన్‌లో ఫొటో తీసి ఏఐకి పెడితే, మనం టీ తాగేలోపు స్టెప్పులతో సహా చేసిచ్చేస్తోంది. హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే ఈ మాట అన్నాడు: పెద్దవాళ్ల తెలివి పరీక్షలు యంత్రంతో రాయించడం తేలికే, ఏడాది పిల్లాడు చూసినట్టు చూడటం, కదలడం చేయించడమే గగనమని.

మా అపార్ట్‌మెంట్ సంపు మోటారు మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే రాణిగంజ్ నుంచి మెకానిక్ వచ్చాడు. స్క్రూడ్రైవర్ మొన మోటారు బాడీకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. బేరింగ్ మంచిగనే ఉందన్నాడు. మీటరు బయటికి తీయకముందే వాచ్‌మన్‌ని అడిగాడు, "అన్నా, ఎప్పుడు బంద్ అయితది, పొద్దుగాలనా, రాత్రా?" రాత్రి ఏడు దాటాకే అన్నాడతను. "అందరు ఏసీలు ఏసే టైం గదా, ముందుగాల ఓల్టేజ్ సూడాలె." చూస్తే నిజంగానే పడిపోతోంది. మా కమిటీలో ఇద్దరు ఇంజినీర్లున్నారు, అప్పటికే కొత్త మోటారుకి కొటేషన్ తెప్పించేశారు! అతని ముందు నాలుగు ఆప్షన్లు లేవు, అసలు ప్రశ్నే లేదు. దాన్ని అతనే వెతుక్కున్నాడు. నా దృష్టిలో తెలివంటే అదీ.

ఇది నా ఒక్కడి చాదస్తం కూడా కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె బజారులో కొబ్బరికాయలూ అవీ అమ్మే ఐదుగురు పిల్లల మీద పరిశోధకులు చేసిన అధ్యయనం 1985లో అచ్చయింది. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పారు, ఆ తరహా లెక్కలే బళ్లో ఇచ్చినట్టు ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే. అవే బుర్రలు మరి!

పరీక్ష లేకపోతే రికమండేషన్లు రాజ్యమేలతాయి, పేదింటి పిల్లాడికి ర్యాంకొక్కటే దారి అంటారు. నిజమే, సీట్లు పంచడానికి ఏదో ఒక జల్లెడ ఉండాలి, ఉంచుకోండి. 1905లో ప్యారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే మనస్తత్వ శాస్త్రవేత్త తొలి తెలివి పరీక్ష తయారుచేసింది మాత్రం చదువులో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికి. మనం దాన్ని ఫ్లెక్సీ దాకా తీసుకొచ్చాం.

అసలు రోగం పరీక్షలో కన్నా మనలో ఉంది. చేత్తో చేసే పనిలో బుర్ర ఉంటుందని మనం ఒప్పుకోం, ఎందుకంటే ఆ పని చేసే కులాలకు జ్ఞానం ఉందని తరతరాలుగా ఒప్పుకోలేదు. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేశాడు. పోచంపల్లి చీరకు నూలు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్క చీరకే వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి, తల్లి లక్ష్మి భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలుపడి ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చాక అందరం చప్పట్లు కొట్టాం. పదిలో మంచి మార్కులొచ్చిన మనింటి పిల్లాడు ఐటీఐలో చేరతానంటే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తాం.