‘ట్రాక్టర్ నోటుకు లక్షలు’: పాత నాణేల ఆన్‌లైన్ వేలం మెసేజ్‌కు జవాబు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చావకుండా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: మీ దగ్గర ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటు, వైష్ణోదేవి నాణెం, 786 నంబరు నోటు, బ్రిటిష్ కాలం రూపాయి ఏదున్నా ఫోటో పంపండి, రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉన్న ఆన్‌లైన్ వేలంలో పెడతాం, ఫారిన్ పార్టీలు లక్షల్లో పాడుతున్నారు, రిజిస్ట్రేషన్ 999 రూపాయలు మాత్రమే, అదీ సరుకు అమ్ముడుపోగానే వాపసు. కొన్ని బ్రిటిష్ రూపాయలకు మంచి ధర ఉన్న మాట నిజమే. ఆ ఒక్క నిజాన్ని గాలానికి గుచ్చి మిగతా అబద్ధమంతా వదులుతున్నారు.

‘ఇవన్నీ అరుదైనవి’

కావు. ట్రాక్టర్ నోటు ఇవాళ్టికీ చెల్లుతుంది, కోట్లలో అచ్చయింది. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన ఐదు, పది రూపాయల నాణేలు మామూలుగా చెలామణిలోకి వదిలినవే. నాణేలు అమ్మేవాళ్ల దగ్గర కొద్ది పదుల రూపాయలకు దొరుకుతాయి. 786 సంగతి ఇంకా తేలిక. వరసగా అచ్చయ్యే ప్రతి వెయ్యి నోట్లలో ఒకదాని చివర ఆ మూడంకెలు రాక తప్పదు. ఇష్టపడి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి కొనేవాళ్లుంటారు, లక్షలిచ్చేవాళ్లుండరు.

1818 అని, ఈస్టిండియా కంపెనీ అని, ‘వన్ అణా’ అని రాసి ఉండి రాముడో హనుమంతుడో ఉన్న రాగి బిళ్ల గురించి వేరే చెప్పాలి. కంపెనీ అలాంటి అణా ఎప్పుడూ వేయలేదు. అవి తర్వాతెప్పుడో చేసిన, డబ్బుగా చెల్లని టోకెన్లు. బియ్యపు గింజలను లాగుతుందని చెప్పే రైస్ పుల్లర్ మోసంలో చూపించేదీ తరచూ ఈ బిళ్లనే.

అరుదైనవి ఎలా ఉంటాయంటారా? 1911 నాటి ఐదో జార్జ్ రాజు రూపాయి ఒకటి. రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా కనబడుతోందని గొడవై దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1939 నాటి ఆరో జార్జ్ రూపాయి ఇంకొకటి. దీనికి గిరాకీ ఎక్కువ, అందుకే దొంగవీ ఎక్కువ.

‘రిజర్వ్ బ్యాంకు అనుమతి ఉంది’

పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాలతో తమకు సంబంధం లేదని, అందుకోసం ఏ ఫీజూ కమీషనూ అడగమని, తమ పేరుతో వసూలు చేయడానికి ఏ సంస్థకూ వ్యక్తికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటన ఇచ్చింది. కనుక మెసేజ్ మీద ఆ లోగో కనబడితే నమ్మకం పెరగడం కాదు, అక్కడే తేలిపోవాలి.

‘999 కడితే చాలు, వాపసు ఇస్తాం’

ఆ 999 మొదటి మెట్టు. రెండు రోజులకు ‘మీ నాణెం ఎనిమిది లక్షలకు పోయింది’ అని ఫోన్ వస్తుంది. ఆ వెంటే జీఎస్టీ కట్టమంటారు, తర్వాత టీడీఎస్, తర్వాత ఇన్సూరెన్స్, తర్వాత ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. ప్రతిసారీ అడిగేది వచ్చే లక్షల ముందు చిన్నదిగానే ఉంటుంది, కట్టిందంతా పోతుందన్న భయం తర్వాతి విడత కట్టిస్తుంది. టీడీఎస్ అంటేనే మనకు ఇచ్చే డబ్బులోంచి పట్టుకునేది. దాన్ని ముందుగా మన జేబులోంచి ఫోన్‌పేలో కట్టమనడం ఏ చట్టంలోనూ లేదు.

అసలైన వేలం సంస్థ తీరు వేరు. సరుకు చేతికి తీసుకుని, తూచి, చూసి, రసీదు ఇస్తుంది. ధర అంచనా, కమీషన్ శాతం కాగితం మీద పెడుతుంది. రెండు వైపులా ఫోటో, లాట్ నంబరుతో (వేలంలో ఆ వస్తువుకిచ్చే వరస నంబరు) కేటలాగ్ వేస్తుంది, కొనేవాళ్లు ముందే వచ్చి సరుకు చూసుకోనిస్తుంది. పాట అయ్యాక పాడినవాడు కట్టిన డబ్బులోంచే తన కమీషన్ తీసుకుని మిగతాది అమ్మినవారి ఖాతాలో వేస్తుంది. డబ్బు ఎప్పుడూ కొనేవాడి వైపు నుంచి అమ్మేవాడి వైపుకే రావాలి. ఎదురు పారిందంటే అది వేలం కాదు. డబ్బు పడాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నా అంతే, యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కావాలి, అందుకోవడానికి కాదు.

‘ఫారిన్ పార్టీలు లైవ్‌లో పాడుతున్నారు’

తెర మీద పెరిగే అంకెలు ఎవరైనా పెంచగలరు. ఆ సైట్‌లో పాత వేలాల ఫలితాలు, లాట్ నంబర్లు ఉన్నాయా చూడండి. అక్కడ పెట్టిన నాణెం ఫోటోను గూగుల్ లెన్స్‌లో వేయండి. ఒకే గీత, ఒకే మచ్చ ఉన్న ఫోటో వేరే అమ్మకందారు దగ్గర తేలితే సరుకు వీళ్ల దగ్గర లేదన్నమాట.

పైగా వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని ప్రైవేటు మనిషి విదేశానికి పంపడం నేరం. మరి ఆ ఫారిన్ పార్టీ దేన్ని కొంటున్నట్టు?

పొలంలో దొరికిన నాణేలైతే లెక్క వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలపాలి. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకలు తగిలి, చిన్న గుడి శిథిలం కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆయన వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి, ఆర్కాటు నవాబు కొడుకు చేతికి ముప్పై పైచిలుకు దక్కాయి.

‘ఫోటో చాలు, సర్టిఫికెట్ మేమిస్తాం’

ఫోటోకు బరువుండదు. కొనేవాళ్లను ముంచేదీ ఇక్కడే. 1939 వరకు వచ్చిన బ్రిటిష్ రూపాయి సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. అరిగినది కాస్త తగ్గొచ్చు, కానీ కొత్తగా మెరుస్తూ 10 గ్రాములు తూగితే పక్కన పెట్టండి. 0.01 గ్రాము చూపే చిన్న కాటా ఉంటే నీటి తూకం ఇంట్లోనే వేయొచ్చు. గ్లాసు నీళ్లు కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకు, గోడకు తగలకుండా పూర్తిగా ముంచండి. 11.66 గ్రాముల అసలు వెండి రూపాయికి కాటా 1.13 దగ్గర చూపాలి. రాగి-నికెల్ అయితే 1.30 దాకా పోతుంది. నాణేనికి గాలి బుడగ అంటితే అంకె పెరిగి మంచిది కూడా దొంగదిలా కనబడుతుంది, ఒకసారి కదిపి చూడండి.

దొంగ 1939 రూపాయిని రెండు రకాలుగా పుట్టిస్తారు. 1938లోని 8ని 9గా చెక్కేది ఒకటి. బరువూ వెండీ సరిపోతాయి గనుక నీటి తూకం పట్టదు. పది రెట్ల భూతద్దంలో ఆ అంకె చుట్టూ గీరిన గుర్తులు, మిగతా అంకెలతో పొసగని ఎత్తు చూడాలి. రెండోది 1940 తర్వాతి రూపాయిని దిద్దేది. వాటిలో వెండి సగమే, కనుక నీటి తూకం 1.22 దగ్గర వస్తుంది, అంచు మధ్యలో గాడి కూడా ఉంటుంది. అసలు 1939కి అంచంతా నిలువు గీతలే. అంచు చుట్టూ సన్నటి అతుకు, బొమ్మ మీద సూది మొన ఆనించినంత గుంటలు ఉంటే పోత పోసిందే.

నాణెం అసలుదని, ఎంత బాగుందో తేల్చి సీలు వేసిన డబ్బాలో గ్రేడు ఇచ్చామంటే దాని నంబరును గ్రేడింగ్ సంస్థ సైట్‌లో మీరే కొట్టి, అక్కడి ఫోటోతో పోల్చండి. అమ్మేవాడు పంపిన లింకులో చూడొద్దు. డబ్బాలకూ నకిలీలున్నాయి. ఇక ఇంట్లో ఉన్న రూపాయిని చూపించే ముందు చింతపండుతో తోమేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మెరుపు కోసం తోమిన నాణేనికి సేకరణదారులు ధర తెగ్గోస్తారు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఖాతాల్లో చేతులు మారకముందే ఆపించే వీలు మొదటి గంటల్లోనే ఎక్కువ. లావాదేవీ నంబరు, అవతలి యూపీఐ ఐడీ, చాటింగ్ అంతా తీసిపెట్టుకోండి, సిగ్గుపడి చెరపొద్దు. ఆ తర్వాత ‘సైబర్ సెల్ నుంచి, మీ డబ్బు తెప్పిస్తాం, ప్రాసెసింగ్ కట్టండి’ అని ఇంకో ఫోన్ వస్తే దానికీ కట్టకండి.